నీ వ్యాసంలో నవ్వు ఏదమ్మా?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం మొన్న బుధవారం అందింది. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదువుకుంటూ పోయాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అమెరికా నల్లవాళ్ల బ్లూస్ సంగీతంలో పెద్ద గాయకుడు, గిటారిస్టు బీబీ కింగ్ జనం ముందు పాడిన రికార్డు 'లైవ్ ఎట్ ద రీగల్' గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే ముందు సంతోషించాను. ఆ రికార్డంటే నాకు ప్రాణం. ముప్పై ఏళ్లుగా వింటున్నాను, ఇంకా తనివి తీరలేదు. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఓపిక చేసుకో.

నీ వాక్యం బావుంది, చదివించే గుణం ఉంది. ఆ సంగతి నీకు ఇంకెవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. నీ పదకొండు పేజీల్లో 'విషాదం' అన్న మాట పంతొమ్మిదిసార్లు వచ్చింది. 'వేదన' పద్నాలుగు. 'ఆర్తి' ఎనిమిది. 'నవ్వు' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఆ రికార్డు మొత్తం 35 నిమిషాలు ఉంటుంది. దాదాపు అంతసేపూ జనం గోల వెనక వినపడుతూనే ఉంటుంది. ఈలలు, కేకలు, ఆడవాళ్ల అరుపులు. పాడేవాడు మధ్యమధ్యలో ఆగి వాళ్లతో కబుర్లు చెబుతాడు. ఇప్పుడు బాగా పాత బ్లూస్ కొన్ని తీస్తాం, మీకు గుర్తున్న పాట తగిలితే కాస్త గోల చేసి మాకు తెలియజెయ్యండి అంటాడు. వాళ్లు అలాగే చేస్తారు. నువ్వు ఆ గోల విన్నావు. నీ చెవి మంచిది. గొంతుకు గిటారు ఎక్కడ జవాబు చెప్పిందో రెండుచోట్ల కచ్చితంగా పట్టుకున్నావు. అంత విన్న పిల్లకి నవ్వు వినపడకపోవడం ఉండదు. విన్నావు, రాయకుండా వదిలేశావు. ఎందుకు వదిలేశావో నాకు తెలుసు. నీ వయసులో నేనూ అదే పని చేశాను.

మా తాతయ్య పోయినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. వసారాలో పడుకోబెట్టారు. మామ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని రాగం తీసి ఏడుస్తోంది. మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు అలా ఏడిస్తే అందులో పోయినవాడి బతుకంతా వచ్చేస్తుంది. ఏ ఏడు ఏ చెక్క కౌలుకు చేశాడు, ఏ గేదెను ఎంతకి కొన్నాడు, ఎవరి పెళ్లికి ఎంత అప్పు తెచ్చాడు, అన్నీ. మామ్మ అవన్నీ వరసపెట్టి ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నట్టుండి, "నలభై ఏళ్లు నా పులుసులో ఉప్పు చాల్లేదన్నావు గదా మావా! రాత్రి పులుసులో సరిపోయిందో లేదో చెప్పకుండానే పోయావా మావా!" అంది. పక్కింటి పిన్ని పైట చెంగు నోట్లో కుక్కుకుంది. వీధరుగు మీద కూర్చున్న మగాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మామ్మకీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆయన పాదం పట్టుకుని ఇంకా పెద్దగా ఏడ్చింది. పొద్దుటినుంచీ రాయిలా తిరుగుతున్న మా నాన్న అప్పుడు స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు.

మరుసటి ఏడు నేను తాతయ్య చావు మీద కథ రాశాను. అందులో మామ్మ ఏడుపు ఉంది, ఉప్పు మాట లేదు. చావింట్లో నవ్వేమిటని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాను. పోయినవాడికి అగౌరవం అనుకున్నాను. కథ అచ్చయింది. మామ్మకి చదివి వినిపించాను. అంతా విని, "బానే ఉంది గానీ, ఇందులో మీ తాత లేడు రా" అంది.

నీ వ్యాసంలో బీబీ కింగ్ లేడమ్మా. నువ్వు నొచ్చుకున్నా సరే, ఇది నీకు ఇప్పుడే చెప్పాలి.

మొదటి పేజీలో రీగల్ థియేటర్ గురించి రాస్తూ, అక్కడ కూర్చున్నవాళ్లని 'అణగారిన జాతి ఆక్రందన' అన్నావు. ఆ మాట పక్కన పెట్టి, వాళ్లెవరో ఒక్కసారి చూడు. 1964 నవంబరు 21, శనివారం. షికాగోలో నల్లవాళ్లుండే సౌత్ సైడ్, 47వ వీధి. మిసిసిపీ నుంచి, ఆర్కన్సా నుంచి పత్తి చేలు వదిలేసి ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి వచ్చినవాళ్లు, లేకపోతే వాళ్ల పిల్లలు. ఉక్కు మిల్లుల్లో, కబేళాల్లో, ఇతరుల ఇళ్లల్లో పని చేసుకునేవాళ్లు. ఆ ఏడు జూన్‌లోనే మిసిసిపీలో నల్లవాళ్ల చేత ఓటు నమోదు చేయించే పనిలో ఉన్న ముగ్గురు కుర్రాళ్లని చంపేశారు. జూలైలో పౌరహక్కుల చట్టం మీద సంతకం అయింది. ఇవన్నీ ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వాళ్ల బాధ వాళ్లకి ఎవరూ వచ్చి వర్ణించి చెప్పక్కర్లేదు. వాళ్లు టికెట్టు కొనుక్కుని వచ్చింది తమ ఊరివాడు పాడుతుంటే వినడానికి.

ఊరివాడే మరి. 1925 సెప్టెంబరు 16న మిసిసిపీలో ఇట్టా బేనా దగ్గర పత్తి తోటలో పుట్టాడు. అసలు పేరు రైలీ కింగ్. చిన్నతనంలోనే తల్లి పోయింది. పత్తి ఏరాడు, తర్వాత ఇండియనోలా దగ్గర ట్రాక్టరు నడిపాడు. 1946లో ఒకరోజు పొద్దుపోయాక ట్రాక్టరు షెడ్డులో పెడుతుంటే, ఇంజను ఆగీ ఆగకుండా ముందుకు దూకి పొగగొట్టం విరిగిపోయింది. యజమాని ఏమంటాడోనని భయపడి గిటారు పట్టుకుని మెంఫిస్ పారిపోయాడు. తర్వాత తిరిగొచ్చి ఆ నష్టం పని చేసి తీర్చుకున్నాడు. నీ వ్యాసంలో ఆయన జీవితం నాలుగు పేజీలుంది, ఈ పొగగొట్టం మాత్రం లేదు. మిగతా అంతా ఎవరైనా ఎక్కడైనా చదువుకోవచ్చు. నాలుగు పేజీలు ఒక పేరా చెయ్యి, అందులో పొగగొట్టం ఉండనీ. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మొదటి పాట విను. 'ఎవ్రీ డే ఐ హావ్ ద బ్లూస్'. ప్రతిరోజూ నాకు దిగులే అని దాని అర్థం. ఆ ఒక్క అర్థం పట్టుకుని నువ్వు 'నిత్య శోకం' అని శీర్షిక పెట్టావు. కానీ పాట నడక ఎలా ఉంది? గుర్రబ్బండి దౌడు తీసినట్టుంది. శాక్సఫోన్లు, ట్రంపెట్ ఎగిరి పడుతున్నాయి. రోజూ దిగులే అని చెబుతున్న మనిషి కాలు నేల మీద నిలవడం లేదు. మాట ఒక దారి, నడక ఒక దారి. నువ్వు రాయాల్సింది ఆ రెంటి మధ్య ఏముందో. అది మాట అర్థం చూసి రాస్తే దొరకదు. కాలితో తాళం వేస్తూ విన్నవాళ్లకే దొరుకుతుంది.

ఇక నాలుగో పాట. 'హౌ బ్లూ కెన్ యూ గెట్'. ఇక్కడ నిన్ను కాస్త ఎక్కువసేపు కూర్చోబెడతాను.

నెమ్మదిగా సాగే పాట. చివరికొచ్చేసరికి బ్యాండు ఒక్క దెబ్బ కొట్టి ఆగుతుంది. ఆ ఖాళీలో ఆయన ఒక వాక్యం అంటాడు. మళ్లీ దెబ్బ, మళ్లీ ఖాళీ, మళ్లీ వాక్యం. కొత్త ఫోర్డు కారు కొనిచ్చాను, నీకు కాడిలాక్ కావాలన్నావు. పది డాలర్ల భోజనం పెట్టించాను, టిఫిను బావుందన్నావు. పెంట్‌హౌస్‌లో కాపురం పెట్టాను, గుడిసె అన్నావు. అక్కడిదాకా హాలు ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఉంటుంది, వాక్యానికీ వాక్యానికీ మధ్య అరుపు పెరుగుతూ ఉంటుంది. అప్పుడు నాలుగోది: ఏడుగురు పిల్లల్నిచ్చాను, ఇప్పుడు వాళ్లని వెనక్కి తీసుకోమంటున్నావు.

హాలు విరుచుకు పడుతుంది. ఆ అరుపుని నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నువ్వు ఈ చోటు గురించి ఏం రాశావో చూడు: 'ప్రియురాలి కృతఘ్నత అతని హృదయాన్ని ముక్కలు ముక్కలు చేయగా, ఆ వేదన గళమై ప్రవహించింది.' అక్కడ ముక్కలైన హృదయం లేదు. ఒక చిట్టా ఉంది. ఫోర్డు, పది డాలర్లు, పెంట్‌హౌస్, ఏడుగురు. మా మామ్మ చిట్టా లాంటిదే. ఫోర్డు మామూలువాళ్ల బండి, కాడిలాక్ డబ్బున్నవాళ్ల బండి అని ఆ హాల్లో అందరికీ తెలుసు. పది డాలర్ల భోజనం అప్పట్లో ఎంత ఖరీదైనదో కూడా తెలుసు. మొదటి మూడూ కొనుక్కునే వస్తువులు. ఆమె ఒక్కోదాన్నీ చిన్నబుచ్చుతూ వచ్చింది. నాలుగోది కొట్లో దొరికేది కాదు, వాపసు చేసేదీ కాదు. మూడుసార్లు సరుకుల లెక్క వినిపించి అదే గొంతుతో, అదే తాళంలో పిల్లల్ని కూడా ఆ లెక్కలోకి లాగేశాడు. అందుకు నవ్వు పేలింది. ఆ నవ్వు వెనకాలే గుండెలో ఏదో కలుక్కుమంటుంది, ఎందుకంటే ఏడుగురు పిల్లలున్న ఇంట్లో ఇద్దరూ కలిసి ఉండలేకపోతున్నారన్న సంగతి ఇప్పుడు నిజంగా మన ముందుకొచ్చింది. 'వేదన' అని రాసి ఉంటే రాదు. లెక్క చెప్పబట్టి వచ్చింది.

ఈ పాట బీబీ కింగ్ రాసింది కాదు. 1949 నాటికే రికార్డయి ఉన్న పాట. అందువల్ల మాటలు ఆయన సొత్తు అనుకుని పొగడకు. ఆయన సొత్తు ఆ ఖాళీల్లో ఉంది. ఎంతసేపు ఆగాలో, ఏ మాటని విసరాలో, ఏ మాటని లాగాలో. నువ్వు ఒకసారి ఆ చివరి చరణం పక్కన నిలబడి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఏం వినపడుతోందో కాగితం మీద రాసుకో. ముందు ఎవరు అరిచారు, ఆడగొంతా మగగొంతా, ఈల ఎప్పుడొచ్చింది. అలా రాసుకున్న కాగితం నీ పదకొండు పేజీల కన్నా ఎక్కువ చెబుతుంది.

ఆడగొంతులంటే గుర్తొచ్చింది. ఇది ఒక మగవాడు ఆడదాని మీద చేసిన ఫిర్యాదు గదా. మరి అందరికన్నా పెద్దగా కేరింతలు కొడుతున్నది ఆడవాళ్లేమిటి? ఇది నన్ను చాలా ఏళ్లు తొలిచింది. ఒకరోజు ఆ పాట ఒక్కటే పెట్టుకోకుండా ముందునుంచీ విన్నాక తెలిసింది. రెండు, మూడు, నాలుగు పాటలు ఆయన విడివిడిగా పాడలేదు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతూ దండ గుచ్చినట్టు పాడాడు. మూడోది 'ఇట్స్ మై ఓన్ ఫాల్ట్'. తప్పు నాదే అని పాట. ఆమె జీతం తెచ్చి చేతిలో పెడితే తను బయట తిరిగి వచ్చేవాడినని ఒప్పుకుంటాడు. ముందు తన చిట్టా విప్పాడు, ఆ తర్వాతే ఆమె చిట్టా తీశాడు. అందుకే ఆడవాళ్లు నవ్వగలిగారు. నాలుగో పాట ముందు పాడి ఉంటే ఆ హాల్లో సగం మంది చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లని నా నమ్మకం.

పొగగొట్టం ఎందుకు ఉండనీమన్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. పారిపోయినవాడు తిరిగొచ్చి నష్టం కట్టుకున్నాడు. ఆ మనిషి గొంతులో 'తప్పు నాదే' అన్న మాట వేరేగా పలుకుతుంది. నీ కథలకీ ఇది పనికొస్తుంది. పోయిన ఏడు నువ్వు పంపిన కథలో ఆ కోడలు పిల్ల అత్తగారి తప్పులన్నీ చెబుతుంది, తనది ఒక్కటీ చెప్పదు. నాకు ఆమె మీద జాలి కలగాల్సిన చోట కలగలేదు. అప్పుడు ఎందుకో చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను.

ఒక ఇబ్బంది కూడా ఉంది, దాన్ని దాటెయ్యకు. 'వర్రీ వర్రీ' పాట మధ్యలో ఆయన మగవాళ్లకి సలహా చెబుతాడు. నీ మనిషి నీ మాట వినకపోతే చెయ్యి చేసుకోకు, కొడితే తెలివి మీరిపోతుంది, రెండోసారి నీకు దొరకదు, మెల్లగా తియ్యగా మాట్లాడు అంటాడు. హాలు నవ్వుతుంది. కొట్టొద్దనే చెబుతున్నాడు. కానీ చెప్పిన కారణం ఉంది చూశావూ, అది ఈనాటి ఆడపిల్లకి చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. నీకూ గుచ్చుకునే ఉంటుంది. ఆ పాట మీద నువ్వు రాసిన పేరాలో దాని ఊసే లేదు. పెద్దాయనని తప్పు పట్టకూడదని వదిలేశావా? రాయి. గుచ్చుకుందని రాయి. ఆ తర్వాత అదే పాటలో ఆయన గొంతు సన్నగా పైకి లేచి ఆడగొంతులోకి వెళ్లినప్పుడు నీకేమైందో కూడా రాయి. రెండూ నీకు జరిగాయి కనుక రెండూ ఉండాలి. ప్రేమించిన మనిషి గురించి రాసేటప్పుడు ఇబ్బంది పడ్డ చోటు దాచేస్తే, మెచ్చుకున్న చోటు కూడా పాఠకుడు నమ్మడు.

గిటారు సంగతికొస్తాను. 'గిటారు విలపించింది' అని నాలుగుసార్లు రాశావు. గిటారు ఏం చేసిందో ఒక్కసారి చెప్పు, చాలు. ఆయన పాడేటప్పుడు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. రెండూ ఒకేసారి తనకి చేతకాదని, కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం, తనకి సరిగ్గా రాదని ఆయనే చెప్పుకున్నాడు. అందుకని గొంతు ఒక మాట అని ఆగుతుంది, గిటారు అందుకుంటుంది. బుర్రకథ విన్న చెవికి ఇది కొత్త కాదు. కథకుడు ఒక మాట అంటే వంతలు అందుకుంటారు, అందులో ఒకడు హాస్యగాడు. వీరుడు నేలకొరిగే ఘట్టంలో కూడా ఆ హాస్య వంత ఒక మాట విసురుతాడు, జనం నవ్వుతారు, కథ పట్టు సడలదు. బ్లూస్ మన బుర్రకథేనని రాసేవు సుమా, అది తప్పు. వాళ్ల మట్టి వేరు, వాళ్ల కథ వేరు. నీ పాఠకుడి చెవికి ఆసరాగా ఒక్క వాక్యం వాడుకో, అంతే.

అలాగే ఆ తీగ వణుకు. వీణ మీద మెట్టు దగ్గర తీగని పక్కకి లాగి గమకం పలికించడం నువ్వు చూసే ఉంటావు. ఈయన కూడా తీగని పక్కకి లాగుతాడు. లాగి, ఆ వేలి మీద ముంజేతిని సీతాకోకచిలుక రెక్కలా ఆడిస్తాడు. అది ఎలా వచ్చిందో తెలుసా? మెంఫిస్ పారిపోయినప్పుడు తల్లి వైపు బంధువు బుక్కా వైట్ ఇంట్లో తలదాచుకున్నాడు. ఆయన తీగల మీద లోహపు గొట్టాన్ని జార్చి వాయించే మనిషి. ఆ జారుడు కింగ్‌కి ఎంత ప్రయత్నించినా పట్టుబడలేదు. దాన్ని వట్టి వేళ్లతో తీసుకురావాలని చూసి చూసి, ఈ వణుకు దగ్గర స్థిరపడ్డాడు. ఇప్పుడు ఒక్క స్వరం వింటే చాలు, ఇది ఎవరి చెయ్యో ప్రపంచమంతా చెబుతుంది. 'దైవదత్తమైన నాదం' అని నువ్వు రాసిన చోట ఈ సంగతి పెట్టు.

లూసిల్ కథ నీకు బాగా నచ్చినట్టుంది, రెండు పేజీలు రాశావు. 'గిటారుపై అమర ప్రేమకు చిహ్నం' అన్నావు. మళ్లీ చెబుతాను, విను. 1949 చలికాలం, ఆర్కన్సాలో ట్విస్ట్ అనే చిన్న ఊరు. డాన్సు హాల్లో వెచ్చదనం కోసం పీపాలో సగందాకా కిరసనాయిలు పోసి మధ్యలో వెలిగించి పెట్టారు. ఇద్దరు మగాళ్లు కొట్లాడుకుంటూ పీపా మీద పడ్డారు. నిప్పు నేలంతా పారింది. కింగ్ అందరితోపాటు బయటికి పరుగెత్తాడు. గిటారు లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చి మళ్లీ ఆ మంటల్లోకి వెళ్లి తెచ్చుకున్నాడు, చావు తప్పింది. ఆ ఇద్దరూ కొట్టుకున్నది ఆ హాల్లో పనిచేసే లూసిల్ అనే ఆమె కోసమని మర్నాడు తెలిసింది. గిటారుకి ఆ పేరు పెట్టుకున్నాడు, ఆడదాని కోసం కొట్లాడకూడదని, ఇంకెప్పుడూ మండే ఇంట్లోకి దూరకూడదని తనకి తను గుర్తు చేసుకోవడానికి. అంటే జీవితాంతం వేదిక మీద తన తెలివితక్కువతనాన్ని పేరు పెట్టి పిలుస్తూ, ముద్దు చేస్తూ, దాన్ని భుజాన వేసుకుని తిరిగాడు. ఇంత చక్కని మనిషితనం ఉన్న చోట 'అమర ప్రేమ' అంటే ఎలా అమ్మా?

ఇంకో చిన్న విషయం. ఆయన జనంతో ఇంత చనువుగా మాట్లాడటం రేడియోలో నేర్చుకున్నాడు. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ అని నల్లవాళ్ల కోసమే కార్యక్రమాలు నడిపిన స్టేషను. అక్కడ ఒక టానిక్కు ప్రకటనకి పాట కట్టి పాడేవాడు, తర్వాత రికార్డులు వేసే ఉద్యోగం వచ్చింది. 'బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్' అన్న పేరు అక్కడే పుట్టింది, అదే అరిగి అరిగి బీబీ అయింది. ఎదురుగా లేని మనిషితో ఎదురుగా ఉన్నట్టు మాట్లాడటం రేడియోవాళ్లకి రోజువారీ పని. మనకీ అదే గదా పని. నీ వ్యాసం ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలియలేదు. సెమినారులో కూర్చున్నవాళ్లతోనా? మీ ఊళ్లో టీ కొట్టు దగ్గర పాత పాటలు పెట్టుకునే మేస్త్రీతోనా? మేస్త్రీతో మాట్లాడు. ఆయనకి మిసిసిపీ తెలియక్కర్లేదు, ఏడుగురు పిల్లలంటే ఏమిటో తెలుసు.

మాటల దగ్గర రెండు దిద్దుబాట్లు. బ్లూస్‌ని 'విషాద గీతాలు' అని తర్జుమా చెయ్యకు. బ్లూస్‌ని బ్లూస్ అనే అను, అందులో నవ్వుకీ చోటుంటుంది. బ్లూస్ పాట కొలతని 'ట్వెల్వ్ బార్' అన్న చోట నాలుగేసి దెబ్బల ఆవర్తనాలు పన్నెండని ఒక వాక్యంలో చెప్పెయ్యి. ఒక మాట అని, మళ్లీ అదే మాట అని, మూడోసారి దానికి జవాబు చెబుతారని చూపించు. రెండోసారి అన్నప్పుడు వినేవాడు ముందుకి వంగుతాడు, మూడోసారి ఏం రాబోతోందోనని. హాస్యానికైనా దుఃఖానికైనా ఆ వంగడమే కావాలి. మిగతా సంగీత శాస్త్రమంతా తీసెయ్యి.

రికార్డు బయటికొచ్చిన 1965 దగ్గర నువ్వు పెట్టిన పొగడ్తల జాబితా కూడా తీసెయ్యి. అమెరికా జాతీయ గ్రంథాలయం దాన్ని భద్రపరచదగ్గ రికార్డుల్లో చేర్చిందన్న ఒక్క మాట ఉంచుకో, ఫలానా గిటారిస్టు ఏమన్నాడు, ఫలానా పత్రిక ఎన్నో నంబరు ఇచ్చింది అన్నవి వద్దు. ఆ రీగల్ థియేటరు 1973లో కూల్చేశారు, ఆ సంగతి నీ వ్యాసంలో లేదు. ఇప్పుడు అక్కడికి వెళ్తే ఆ గోడలు లేవు. ఆ అరుపులు మాత్రం ఉన్నాయి. అప్పుడు కేక పెట్టిన ఆ అమ్మాయి ఎవరో, ఆమెకి పిల్లలెందరో, ఎవరికీ తెలియదు. ఏడుగురు పిల్లల మాట దగ్గర ఆమె కేక మాత్రం అరవై ఏళ్లుగా అలాగే ఉంది. నేను ఆ రికార్డు పెట్టినప్పుడల్లా ఆమె కోసం ఎదురుచూస్తాను.

ఇవన్నీ చదివి బెంగ పెట్టుకోకు. పదకొండు పేజీలు చించొద్దు కూడా. పక్కన పెట్టి, కొత్త కాగితం మీద నాలుగో పాట నుంచి మొదలుపెట్టు. ఫోర్డు కారుతో మొదలుపెట్టు. ముందు ఏం జరిగిందో చెప్పు, నువ్వేం అనుకున్నావో తర్వాత. నవ్వొచ్చిన చోట నవ్వొచ్చిందని రాయి. నీ ఫోన్‌కి ఉన్న చిన్న స్పీకరులో వినకు, అందులో జనం వినపడరు. మీ నాన్నగారి పాత సెట్టు ఇంకా పనిచేస్తోందన్నావుగా, దాంట్లో పెట్టు, ఆయన్ని కూడా కూర్చోమను. ఆయన ఎక్కడ నవ్వారో చూసుకో.

వచ్చే ఆదివారం పొద్దున నేను ఇంట్లోనే ఉంటాను. కాగితం మీద రాసుకున్నది పట్టుకుని రా. నాలుగో పాట కలిసి విందాం, నాకు వినపడనివి నీకేమైనా వినపడ్డాయేమో చూడాలి. వచ్చేటప్పుడు నీ పాత కథ, ఆ కోడలు పిల్లది, అది కూడా తీసుకురా.

ఉంటాను,
మీ మాస్టారు